రెండు శాతం చాటున తొంభై ఎనిమిది

సామాజిక బాధ్యత పేరుతో కంపెనీలు ఏటా వేల కోట్లు ఖర్చు పెడుతున్నాయి. ఆ లెక్క దొరుకుతోంది. ఆ డబ్బు పుట్టిన చోట ఏం జరుగుతోందన్న లెక్క మాత్రం దొరకడం లేదు.

ఒక పెద్ద కంపెనీ చట్టప్రకారం తన లాభంలోంచి సమాజం కోసం తీయాల్సిన రెండు శాతం తీయలేదనుకుందాం. ఖర్చు పెట్టలేదు, చట్టం చెప్పిన నిధికి జమ కూడా చేయలేదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం దానికి పడే జరిమానా, జమ చేయాల్సిన మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఇప్పుడు అదే కంపెనీ తన వ్యర్థజలాలను శుద్ధి చేయకుండా ఊరి వాగులోకి వదిలిందనుకుందాం. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద పడే జరిమానా కనీసం 10 వేలు, గరిష్ఠంగా 15 లక్షలు. తప్పు కొనసాగితే రోజుకు మరో 10 వేలు. 2023లో పార్లమెంటు ఆమోదించిన జన విశ్వాస్ చట్టం తెచ్చిన మార్పు ఇది. అంతకు ముందు అయిదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని ఉండేది. ఆ జైలు కాగితం మీదే ఉండేదనీ, కాలుష్యం కేసులో ఏ పెద్ద కంపెనీ యజమానీ ఏళ్ల తరబడి ఊచలు లెక్కపెట్టలేదనీ అంటే ఒప్పుకోవాల్సిందే. నష్టపరిహారం కింద జాతీయ హరిత ట్రైబ్యునల్ అంతకు ఎన్నో రెట్లు కట్టించగలదన్నదీ నిజమే. అయినా ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మన చట్టసభల దృష్టిలో మంచి చేయకపోవడం చెడు చేయడం కన్నా ఖరీదైన తప్పు. పెద్ద వ్యాపారాల బాధ్యత గురించి మనం చేసే ఆలోచన ఎక్కడ దారి తప్పిందో చెప్పడానికి ఈ వింత ఒక్కటి చాలు.

దారి తప్పిందని అంటున్నది ఎందుకంటే, కంపెనీ బాధ్యత అనగానే మనకు ఆ రెండు శాతమే గుర్తుకొస్తోంది. ఒక సంస్థ లాభం ఎలా గడించింది, ఏ నీళ్లు తోడింది, ఏ గాలిలోకి ఏం వదిలింది, ఎవరి చేత ఎన్ని గంటలు పనిచేయించింది, ఏ ప్రమాదాన్ని ఎవరి నెత్తిన పెట్టింది అన్నదే దాని అసలు బాధ్యత. మిగిలిన తొంభై ఎనిమిది శాతం కథంతా అక్కడే నడుస్తుంది. లాభం వచ్చాక అందులో కొంత పంచడం దానమో పన్నో అవుతుంది. అది మంచి పనే కావచ్చు. దాన్ని బాధ్యత ఖాతాలో రాయడం మొదలుపెట్టిన రోజునుంచి అసలు ఖాతా ఖాళీగా ఉన్నా ఎవరికీ పట్టకుండా పోయింది.

చట్టం ఏం చెప్పిందో ముందు చూద్దాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా, గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతాన్ని ఏడో షెడ్యూలులోని పనుల మీద ఖర్చు పెట్టాలి. ఆకలి, విద్య, వైద్యం, పర్యావరణం, వారసత్వ సంపద, గ్రామీణాభివృద్ధి, ఇలా ఆ జాబితా పెద్దదే. మొదట్లో ఖర్చు పెట్టకపోతే కారణం రాస్తే సరిపోయేది. 2021 నుంచి అది గట్టి నిబంధన అయింది. తొలి ఏడాది సుమారు 10 వేల కోట్లున్న ఖర్చు 2022-23 నాటికి దాదాపు 30 వేల కోట్లకు చేరింది. కంపెనీల మీద ఇలాంటి ఖర్చును చట్టంతో తప్పనిసరి చేసిన తొలి దేశాల్లో మనది ఒకటని చెప్పుకుంటాం, అందులో అబద్ధం లేదు. అదే చట్టం కింద అంతగా ప్రచారానికి నోచుకోని నియమం ఇంకొకటి ఉంది. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని ఈ ఖర్చు కిందికి రాదు. అంటే తన వ్యర్థాన్ని తాను శుద్ధి చేసుకుంటే దాన్ని సామాజిక సేవగా చూపించడానికి వీల్లేదు. సబబైన నియమమే, అది చేసి తీరాల్సిన పని కాబట్టి. చట్టం రాసినవారికి తెలిసిన ఈ తేడా చట్టాన్ని వాడుకుంటున్న మనకే చెరిగిపోయింది.

చెరిగిపోయిన తీరు జిల్లాల్లో చూస్తే తెలుస్తుంది. ‘సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) నిధులు’ అన్న మాట ఇప్పుడు సర్పంచి నుంచి కలెక్టరు దాకా అందరి నోటా ఉంది. బడికి బెంచీలు కావాలన్నా, ఆసుపత్రికి అంబులెన్సు కావాలన్నా, కూడలిలో బస్ షెల్టరు కావాలన్నా, బడ్జెట్‌లో లేనిదల్లా ‘సీఎస్‌ఆర్ కింద పెట్టిద్దాం’ అనడం పరిపాటి అయింది. ప్రభుత్వం చేయాల్సిన పనికి కంపెనీ డబ్బు, కంపెనీ చేయాల్సిన పనికి ప్రభుత్వం మౌనం. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడా రాసి ఉండదు. గుజరాత్‌లో పటేల్ విగ్రహానికి అయిదు ప్రభుత్వరంగ చమురు సంస్థలు ఈ ఖాతా నుంచి 146.83 కోట్లు ఇచ్చాయనీ, అది ఏడో షెడ్యూలు పరిధిలోకి రాదనీ 2018లో కాగ్ తప్పుపట్టింది. కరోనా వేళ ప్రధానమంత్రి నిధికి ఇస్తే లెక్కలోకి వస్తుంది, ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే రాదు అని కేంద్రం తేల్చింది. కంపెనీ బాధ్యత ఏమిటన్నది చివరికి ఎవరి ఖాతాకు చెక్కు వెళ్లాలన్న పంచాయితీగా మారిందని ఈ రెండూ చెబుతున్నాయి.

తప్పనిసరి చేయడం వల్ల కంపెనీల బుద్ధి మారిందా? ధర్మపాల, ఖన్నా అనే ఇద్దరు పరిశోధకులు చట్టానికి ముందూ తరువాతా లెక్కలు తీసి చూశారు. అంతకు ముందు రెండు శాతానికి మించి ఖర్చు పెడుతున్న పెద్ద కంపెనీలు చట్టం వచ్చాక ఆ ఖర్చును తగ్గించుకున్నాయని తేలింది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఒక అంకె గీసి ఇదే నీ బాధ్యత అని చెబితే, ఆ గీత దగ్గరే ఆగడం నేరం కాదు. కానీ ఆగిన వాళ్లు ఇంకేం చేశారన్నది అడగడానికి మన దగ్గర కొలమానం లేకుండా పోయింది.

దానం, ప్రవర్తన రెండు వేర్వేరు ఖాతాలన్న సంగతి తెలుగువాళ్లకు మరొకరు చెప్పనక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ వెనుక ఉన్నది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం తర్వాత ప్రభుత్వమే భరించినా, ఆలోచనా, వ్యవస్థా ఆయన సంస్థవే. అది కాపాడిన ప్రాణాలకు లెక్కలేదు. ఆ నమూనా దేశమంతా పాకింది. ఆయన కుటుంబ సంస్థ బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెల్లో మంచినీళ్లు, బడులు, వైద్యం అందించింది. 2008లో సత్యం కంపెనీకి కార్పొరేట్ పాలనకు గాను గోల్డెన్ పీకాక్ అంతర్జాతీయ పురస్కారం కూడా వచ్చింది. మరుసటి జనవరి 7న అదే అధినేత రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు నిల్వల్లో 5 వేల కోట్లకు పైగా అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఈ కథను చాలామంది ఒక మనిషి పతనంగా చెప్పుకుంటారు. నాకు ఇందులో కనిపించేది వేరు. 108 అబద్ధం కాదు, జమాఖర్చులు నిజం కావు, రెండూ ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి హాయిగా కలిసి ఉన్నాయి. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని అంచనా వేసిన పురస్కార సంఘాలు, విశ్లేషకులు, పత్రికలు అందరూ బోల్తాపడ్డారు. దానగుణం సచ్చీలతకు సాక్ష్యం కాదన్న సంగతి ఇంతకన్నా ఖరీదుగా ఎవరూ నేర్చుకుని ఉండరు. అయినా నేర్చుకున్నట్టు లేదు. ఇవాళ్టికీ కంపెనీలకు ఇచ్చే ‘బాధ్యత’ అవార్డుల్లో ముందు కనిపించేవి సేవా కార్యక్రమాల ఫోటోలే.

ఆర్థిక మోసమైతే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, లెక్కలు చూసే షేర్‌హోల్డర్లు ఉంటారు. నీళ్ల లెక్క చూసేదెవరు? హైదరాబాద్ శివారు పటాన్‌చెరు దీనికి జవాబు. 1970ల నుంచి అక్కడా బొల్లారంలోనూ పెరిగిన మందుల పరిశ్రమ ప్రపంచానికి చవకగా ఔషధాలు అందించింది. హైదరాబాద్‌ను బల్క్ డ్రగ్ రాజధానిని చేసింది. ఆ ఘనతను తక్కువ చేయడం అన్యాయం. అదే సమయంలో ఇస్నాపూర్ నుంచి మంజీర దాకా వాగులు రంగు మారాయి. పంటలు ఎండిన రైతుల తరఫున 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. ఊళ్లకు తాగునీరు ఇవ్వాలని, రైతులకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాల పాటు ఒక పక్క రోగులనూ మరో పక్క కోర్టు కాగితాలనూ చూసుకుంటూ ఈ పోరాటం నడిపారు. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. శుద్ధి ‘అయిన’ నీళ్లవి. సుమారు 90 కర్మాగారాల వ్యర్థం అక్కడికి వచ్చేది. లీటరులో 31 వేల మైక్రోగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఒక్క రోజులో బయటికి పోతున్న ఆ మందు సుమారు 45 కిలోలనీ, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ అయిదు రోజుల్లో వాడేదానికి అది సమానమనీ వాళ్లు లెక్కగట్టారు. వాగులో ఇంత యాంటీబయాటిక్ ఉంటే దానికి లొంగని సూక్ష్మజీవులు అక్కడ పుట్టి పెరుగుతాయి. వాటికి జిల్లా సరిహద్దులు తెలియవు. తర్వాత ఆ శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా మళ్లించి, అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం మీదుగా మూసీలో కలిపారు. మంజీరకు కాస్త ఊపిరి ఆడింది, మూసీ నీటితో వరి, గడ్డి పండించే రైతుల వంతు వచ్చింది.

ఇలాంటి చోట ఊరికి ఒక కంపెనీ నీటి శుద్ధి యంత్రం పెట్టించి, రిబ్బను కత్తిరించి, ఫోటో దిగితే దాన్ని ఏ పద్దు కింద రాయాలి? ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు అన్న సామెత మనకు ఉండనే ఉంది. కానీ దాన్ని అన్ని కంపెనీలకూ అంటగట్టడం న్యాయం కాదు. ఎవరి వ్యర్థం ఏ బావిని చెడగొట్టిందో తేల్చలేని చోట, శుభ్రంగా నడుపుకునే సంస్థ కూడా అదే నీటి యంత్రం పెట్టిస్తుంది, అదే ఫోటో దిగుతుంది. ఫోటోలో ఇద్దరూ ఒక్కలాగే ఉంటారు. రెండు శాతం లెక్కతో వచ్చిన అసలు చిక్కు ఇదే. మంచి కంపెనీకీ చెడ్డ కంపెనీకీ తేడా చూపించలేని కొలత అది. నిజాయతీగా శుద్ధికి ఖర్చు పెట్టినవాడి లాభం తగ్గుతుంది, కాబట్టి వాడి రెండు శాతమూ తగ్గుతుంది. ఆ ఖర్చు ఎగ్గొట్టినవాడి లాభం పెరుగుతుంది, దానం కూడా పెరుగుతుంది. వార్షిక నివేదికలో పెద్ద దాతగా కనిపించేది రెండోవాడు.

నీటి సంగతి నెమ్మదిగా చంపేదైతే, గాలి, నిప్పు వెంటనే చంపుతాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక చదివితే, ఆ ప్రమాదం ఏ అంతుచిక్కని సాంకేతిక రహస్యం వల్లా జరగలేదని అర్థమవుతుంది. స్టైరీన్ గడ్డకట్టకుండా కలపాల్సిన రసాయనం సరిపడా లేదు. ట్యాంకును చల్లగా ఉంచే వ్యవస్థను రోజంతా నడపలేదు. ట్యాంకు పై భాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటే లేదు. ఆవరణలో సైరన్ మోగించే స్థానాలు 36 ఉన్నా సైరన్ మోగలేదు. ఇక కాగితాల సంగతి. ఉత్పత్తికి తగ్గ పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఆ కంపెనీయే 2019 మేలో ప్రమాణపత్రంలో రాసిచ్చింది. ఏడాది గడిచింది. ఏ అధికారీ తాళం వేయలేదు. ఇందులో సామాజిక బాధ్యత ఎక్కడుందని అడిగితే, ఒక సైరన్‌లో, ఒక థర్మామీటరులో, రాత్రిపూట కూడా నడవాల్సిన ఒక శీతల యంత్రంలో ఉంది. ఇవేవీ ఏడో షెడ్యూలులో ఉండవు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా మందుల కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలయ్యారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో ఎక్కువ మంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఆ పూట లోపల ఎంతమంది ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది, మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కంపెనీల సేవా నివేదికల్లో ‘లబ్ధిదారుల’ సంఖ్య పిల్లాడితో సహా కచ్చితంగా ఉంటుంది. సొంత షెడ్డులో ఉన్న మనుషుల సంఖ్య వెంటనే చెప్పలేని స్థితిని దాని పక్కన పెట్టి చూడండి.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఏదో ఒకటి వస్తోంది కదా, అదీ వద్దంటే పేద బడికి నష్టం కదా అని. వద్దనడం లేదు. 30 వేల కోట్లు చిన్న సొమ్ము కాదు, దాంతో నడుస్తున్న కంటి ఆసుపత్రులు, హాస్టళ్లు, చెరువు పనులు నిజమైనవి. ఆ డబ్బును వసూలు చేయండి, కావాలంటే పన్నుగానే చేయండి. చేయకూడనిదల్లా దాన్ని ప్రవర్తనకు బదులుగా లెక్కించడం. దానం తీసుకున్న ఊరు ప్రశ్నించడానికి మొహమాటపడుతుంది. బడి కట్టించిన ఫ్యాక్టరీ మీద గ్రామసభలో లేచి మాట్లాడటం తేలిక కాదు. ఆ మొహమాటం ఖరీదు ఏ నివేదికలోనూ రాయరు.

రెండో అభ్యంతరం అర్థశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ది. వ్యాపారానికి ఉన్న ఒకే ఒక సామాజిక బాధ్యత, ఆట నిబంధనలకు లోబడి లాభం పెంచుకోవడమేనని ఆయన 1970 సెప్టెంబరులో వాదించారు. ఆ వ్యాసం వెలువడింది న్యూయార్క్ టైమ్స్ మేగజైన్‌లో. సేవాతత్పరులు ఆయన్ని తిట్టిపోస్తారు గానీ, ఈ విషయంలో నేను సగం ఆయన పక్షమే. షేర్‌హోల్డర్ల డబ్బుతో మేనేజర్లు పుణ్యం మూటగట్టుకోవడం గురించి ఆయన అన్నది తప్పేమీ కాదు. ఆయన వాదన కూలేది ‘నిబంధనలకు లోబడి’ అన్న మాట దగ్గర. నిబంధనలు ఆకాశం నుంచి ఊడిపడవు. వాటిని మార్చే శక్తి ఆడేవాళ్లకే ఉంటుంది. మందుల కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు ఎంత దాటకూడదో చెప్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. అది వచ్చి ఉంటే ప్రపంచానికే దారి చూపేది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. మనం నాలుగేళ్ల ముందు రాసుకుని చెరిపేసుకున్న పాఠం అది. నిబంధన పుట్టకముందే చచ్చిపోతే, నిబంధనకు లోబడ్డామని చెప్పుకోవడంలో గొప్పేముంది? పైగా ఉన్న నిబంధనలు చూసే మనుషులే లేరు. దేశంలోని కాలుష్య నియంత్రణ మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ అని కేంద్ర మండలి లెక్కలే చెబుతున్నాయి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మూడోది. కట్టుదిట్టం చేస్తే పరిశ్రమ పక్క రాష్ట్రానికో చైనాకో పోతుంది, ఉద్యోగాలు పోతాయి అని. మందుల ధర రూపాయి పెరిగినా పేదవాడి మీదే పడుతుందని కూడా అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. ముడి మందుల మార్కెట్‌లో చైనా పోటీ ఎంత తీవ్రంగా ఉందో హైదరాబాద్ పరిశ్రమకు బాగా తెలుసు. కానీ ఇవే కర్మాగారాలు అమెరికాకు మందులు ఎగుమతి చేయడానికి ఏం చేస్తాయో చూడండి. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీ బృందం వస్తే, ప్రతి బ్యాచ్‌కూ రికార్డు, ప్రతి పరికరానికీ పరీక్ష, ప్రతి సంతకానికీ సమయం చూపించాలి. తీవ్రమైన లోపం దొరికితే హెచ్చరిక లేఖ, షేరు పతనం. ఆ క్రమశిక్షణకు అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. దాన్ని భరించి మన పరిశ్రమ పారిపోలేదు సరికదా, దానివల్లే ఎదిగింది. ఎఫ్‌డీఏ చూసేది మాత్ర నాణ్యతను. కర్మాగారం వెనక గొట్టంలోంచి ఏం పోతోందో చూడటం దాని పని కాదు. మాత్రను అంత శుద్ధంగా చేయగల చేతులకు నీళ్లను శుద్ధి చేయడం చేతకాదంటే నమ్మగలమా? తేడా అంతా అడిగేవాడు ఉండటంలో ఉంది. కొనేవాడు అడిగాడు, అయింది. ఊరివాడు అడిగితే వినేవాడు లేడు.

ఇప్పుడు అడగడానికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక దారి వేసిందంటారు. షేర్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి తమ నీటి వాడకం, ఉద్గారాలు, వ్యర్థాలు, కార్మికుల భద్రత గురించి ఏటా నివేదిక ఇవ్వాలి. రెండు శాతం లెక్క కన్నా ఇది ఎంతో మేలు, మొదటిసారి తొంభై ఎనిమిది శాతం వైపు చూపు తిప్పింది. దీనికి రెండు హద్దులున్నాయి. మార్కెట్‌లో నమోదు కాని కంపెనీలకు ఇది వర్తించదు. ఎల్‌జీ పాలిమర్స్ అలాంటి ప్రైవేటు కంపెనీయే. రెండోది, లెక్కలు ప్రధానంగా కంపెనీ మొత్తానికి కలిపి ఉంటాయి. దేశంలో పదిచోట్ల ఫ్యాక్టరీలున్న సంస్థ సగటు బాగుండవచ్చు. సగటు నీళ్లు ఎవరూ తాగరు. తాగేది తమ ఊరి బోరు నీళ్లు. ఈ నివేదికలు పెట్టుబడిదారుల కోసం ఇంగ్లిషులో, వందల పేజీల్లో ఉంటాయి. పటాన్‌చెరు రైతు చేతికి అందేవి కావు.

డైరెక్టర్ల బాధ్యత గురించి చట్టంలో ఇప్పటికే ఒక గట్టి మాట ఉంది. అదే 2013 చట్టంలోని 166వ సెక్షన్, డైరెక్టరు కంపెనీ, షేర్‌హోల్డర్ల ప్రయోజనాలతో పాటు ఉద్యోగుల, సమాజ ప్రయోజనాల కోసం, పర్యావరణ రక్షణ కోసం పనిచేయాలంటుంది. బట్టమేక పిట్టల రక్షణ కోసం వేసిన కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే గుర్తుచేసింది. 135కు కమిటీలు, ఆడిట్లు, పోర్టళ్లు ఉన్నాయి. 166ను అమలుచేయమని ఊరివాళ్లు నేరుగా అడగడానికి దారి లేదు. ఉల్లంఘిస్తే జరిమానా లక్ష నుంచి 5 లక్షలు. కోటి, 15 లక్షలు, 5 లక్షలు. దానం ఎగ్గొడితే, వాగును పాడుచేస్తే, డైరెక్టరు కర్తవ్యం మరిస్తే పడే గరిష్ఠ ధరల పట్టిక ఇది. దీన్ని తలకిందులు చేయాలి. ప్రాణహాని, నీటి కాలుష్యం జరిగిన చోట జరిమానాను లాభంతో ముడిపెట్టాలి. దానాన్ని లాభంలో శాతంగా కొలవగలిగినప్పుడు హానిని కొలవడానికి అడ్డేమిటి? కాలుష్యానికి నష్టపరిహారం విధించే అధికారం మండళ్లకు ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలుగు రాష్ట్రాల మండళ్లు ఆ అధికారాన్ని ఎంత వాడతాయో చూడాలి.

కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండానే చేయగలిగింది ఒకటుంది. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే కర్మాగారాలు తాము వాడే రసాయనాలేమిటి, ఎంత, నీటిలోకీ గాలిలోకీ ఏం వదులుతున్నాయి, ఘనవ్యర్థం ఎంత అన్న వివరాలను ప్రధాన గేటు బయట బోర్డు మీద ప్రదర్శించాలని 2003 అక్టోబరులోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉద్గారాలను నిరంతరం కొలిచే పరికరాల లెక్కలను ప్రజలకు కనిపించేలా పెట్టాలని 2017 ఫిబ్రవరిలో మరోసారి చెప్పింది. మీ మండలంలో ఏ కంపెనీ అయినా బడి గదికో నీటి యంత్రానికో ప్రారంభోత్సవం పెడితే సంతోషంగా వెళ్లండి. వెళ్లేముందు వాళ్ల గేటు దగ్గర ఆగి ఆ బోర్డు ఉందా, తెలుగులో ఉందా, దాని మీది తేదీ ఏ ఏడాదిది అని చూడండి. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని ఆ వివరాలు అడగండి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి.